కూజా అడుగున మూడు గీతలు

తిరుపతయ్య రాత తణుకు చుట్టుపక్కల పాతిక ఊళ్ళ వంటిళ్ళలో ఉంది. అది ఎవరి రాత అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. బజారు వీధిలో పాత్రల కొట్టు ముందు, అరుగు మీద గోనెపట్టా పరుచుకుని, ఒళ్ళో బిందె బోర్లించుకుని ఉలితో పేర్లు కొట్టడం ఆయన పని. పెళ్ళికి కొన్న గంగాళమైనా, బారసాలకు కొన్న ఉగ్గుగిన్నె అయినా, ఇచ్చేవాళ్ళ పేరు, పుచ్చుకునేవాళ్ళ పేరు, తేదీ పడితే గాని కొట్టు మెట్లు దిగేది కాదు. పేరు లేని పాత్ర చదివిస్తే చుట్టాలు ఊరుకోరు. ఎవరో తమకిచ్చింది తెచ్చి ఇక్కడ వదిలించుకున్నారని వారం రోజులు చెప్పుకుంటారు.

చేర్చుకున్న రోజునే యజమాని ఒక మాట చెప్పాడు. పాత్ర మీద ఎవరి పేరూ బోసిగా వెళ్ళకూడదు, చివర 'గారు' పడాల్సిందే. రిక్షా తొక్కే మనిషి చెంబు కొనుక్కున్నా సరే, ఆ చెంబు మీద అతను గారే. తిరుపతయ్యకు ఈ నియమం ఎంతో నచ్చింది. నలభై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆయన్ని మాత్రం కొట్లో అందరూ "ఒరే తిరపతీ" అనే పిలిచేవారు. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే ఆయన పేరు ఏ పాత్ర మీదా లేదు.

తరవాత కరెంటు మిషను వచ్చింది. పెన్ను పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ పేర్లు వేయడం మొదలుపెట్టాడు. ఉలి పేరే కావాలని పట్టుబట్టే ముసలమ్మలు ఒక్కొక్కరే తగ్గిపోయారు. కూతురు దేదీప్య గ్రీన్‌కార్డు పెట్టి తల్లిదండ్రులిద్దరినీ అమెరికాలో తాను ఉండే పార్సిప్పనీకి తెచ్చుకునేసరికి ఆయనకు అరవై మూడు. సూట్‌కేసు సర్దేటప్పుడు ఉలులు, సుత్తులు ఉన్న గుడ్డమూట ఆయన అడుగున పెట్టడం, భార్య కనకదుర్గ తీసి బయట పడేయడం, ఆయన మళ్ళీ పెట్టడం మూడుసార్లు జరిగింది.

"ఆవకాయకి చోటు లేదు గానండీ, ఈ ఇనప ముక్కలకి ఉందా? అక్కడెవరికి కొడతారండీ పేర్లు?"

"ఎవరికీ కొట్టను. ఉండనీ."

అపార్ట్‌మెంటులో ఆయనకు తిండికీ నిద్రకూ లోటు రాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలిసేది కాదు. కూతురింట్లో పాత్రలన్నీ పేరు లేనివే. ఇంటికో వంటకం తెచ్చి కలిసి తినే పాట్‌లక్ అయ్యాక ఎవరి గిన్నె ఎవరింటికి పోయిందో తెలియక ఆ కాంప్లెక్సు ఆడవాళ్ళు వాట్సాప్‌లో గిన్నెల ఫోటోలు పెట్టి "ఇది ఎవరిది?" అని అడుగుతుంటే ఆయనకు నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. ఇంతింత చదువులు చదివి, గిన్నెకు ఒక పేరు వేయించుకోలేరా అని ఆయన బాధ.

అలా ఏడాది గడిచాక ఒక శనివారం దేదీప్య గ్రీన్ టీ తెచ్చుకోవడానికి ఒక జపాన్ కొట్టుకు వెళుతూ తండ్రిని కూడా తీసుకెళ్ళింది. రూట్ నలభై ఆరు మీద, పళ్ళ డాక్టరుకూ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న కొట్టు అది. నడిపేది సచికో అనే అరవై ఏళ్ళ ఆవిడ. ఆవిడది జపాన్‌లో మంచు విపరీతంగా కురిసే నీగత అనే ప్రాంతం. అక్కడి పల్లెల్లో చేతితో చేసే వస్తువులు, అక్కడి తిండి సరుకులే ఆవిడ అమ్ముతుంది. సుత్తితో సాగగొట్టిన రాగి పాత్రలు, వెదురు జల్లెడలు, లక్క పూసిన చెక్క గిన్నెలు, సోయా గింజలు పులియబెట్టిన మిసో ముద్ద, ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి పళ్ళు, బియ్యపు అప్పడాలు. కొనేవాళ్ళలో ముప్పాతిక వంతు మంది కొట్టు మొహం చూడనివాళ్ళు. ఒహాయో నుంచో ఒరెగాన్ నుంచో ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతారు, ఈవిడ పెట్టెలు కట్టి పంపుతుంది.

దేదీప్య టీ పొట్లాలు చూసుకుంటుంటే తిరుపతయ్య రాగి గిన్నెల దగ్గర ఆగిపోయాడు. ఒకటి తీసుకుని వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండోదీ అలాగే చూశాడు. మూడోది పక్కన పెట్టేశాడు.

"నాన్నా, ఇక్కడ అలా ముట్టుకోకూడదు!" అంది దేదీప్య సిగ్గుపడిపోతూ.

"ఇది పలకట్లేదమ్మాయ్. ఎక్కడో బీట ఉంది. ఆవిడతో చెప్పు."

దేదీప్య చెప్పలేక చెప్పలేక చెప్పింది. సచికో భూతద్దం తెచ్చి గిన్నెను చాలాసేపు తిప్పి చూసింది. అంచు కింద వెంట్రుకంత బీట ఉంది. ఓడలో ఎక్కడో దెబ్బ తిని ఉంటుంది. ఆవిడ గిన్నె కింద పెట్టి, దేదీప్యను కాదు, తిరుపతయ్యనే చూసి, నడుం వంచి దండం లాంటిది పెట్టింది. ఆ వచ్చిన సోమవారం నుంచే వారానికి మూడు రోజులు ఆయన్ని కొట్టులో పనికి పెట్టుకుంది. జపాన్ నుంచి వచ్చిన సరుకు విప్పి చూడడం, బాగున్నవాటిని మళ్ళీ పెట్టెల్లో సర్ది కొన్నవాళ్ళకు పంపడం ఆయన పని. పొద్దున దేదీప్య ఆఫీస్‌కి వెళుతూ దింపేది, సాయంత్రం ఎక్కించుకునేది.

ఆయన ఇంగ్లీషూ సచికో ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేంత ఉండేది. అందువల్ల ఇద్దరూ అనవసరంగా మాట్లాడుకునే ప్రమాదం లేకపోయింది. ఆవిడ "తిరు-సాన్" అని పిలిచేది. సాన్ అంటే ఏమిటో ఆయన నెల రోజులు పట్టించుకోలేదు. ఒకరోజు కారులో కూతుర్ని అడిగితే, "గారు అన్నట్టు నాన్నా, రెస్పెక్ట్" అంది. ఆ సాయంత్రం ఆయన అన్నం తింటూ, ఎటో చూస్తూ, "అక్కడ నన్ను గారు అంటారు" అన్నాడు. కనకదుర్గ పప్పు వడ్డిస్తూ, "ఎవరికో కాబోలు అనుకుని వెనక్కి చూశారా ఏంటి?" అంది. ఆయన నిజంగానే అలా చూశాడు గానీ ఒప్పుకోలేదు. మర్నాడు పనికి వెళ్ళేటప్పుడు ఉలుల మూట సంచిలో వేసుకుని కొట్టులో తన డ్రాయరులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఆయనే చెప్పలేడు.

రెండేళ్ళు అలా నడిచింది. మూడో ఏడు కొట్టు పలచబడింది. అచ్చం అలాగే కనిపించే మిషను రాగి గిన్నెలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి. సంవత్సరం చివర కొట్టు మూసేసి, ఉన్న కాస్త వ్యాపారం ఇంటి నుంచే చూసుకుంటానని సచికో ఒకటికి రెండుసార్లు అంది. ఆ మాట అన్నప్పుడల్లా తిరుపతయ్య పెట్టెలకు టేపు ఇంకాస్త గట్టిగా వేసేవాడు. ఆవిడ ఇంట్లో ఆయనకు పని ఉండదు. మళ్ళీ అపార్ట్‌మెంటు, మళ్ళీ ఖాళీ చేతులు. ఆయనకు భయం వేసింది.

ఆవిడ ఆశ ఒక్కటే, తోకుజీ అనే ఎనభై ఏళ్ళ కంచరి. ఆవిడ పుట్టిన ఊరి దగ్గరే ఉంటాడు. ఒక్క రేకును మడత గానీ అతుకు గానీ లేకుండా సాగగొట్టి కూజా చేయడంలో ఆయనంతటి వాడు లేడని సచికో అనేది. సముద్రం దాటించి అమ్మడం ఆయనకు ఇష్టం లేదు. కొన్నవాళ్ళు దాన్ని ఏం చేస్తారో తెలియదు కదా అనేవాడట. సచికో ఆరేళ్ళు ఉత్తరాలు రాస్తే ఒక్క కూజా పంపాడు. అది ఎవరింటికి వెళ్ళిందో, నెల వాడాక ఎలా ఉందో ఫోటోలు పంపాలి. నచ్చితే ఏటా ఆరు పంపుతాడు. నచ్చకపోతే ఇదే ఆఖరు. ఏటా ఆరు తోకుజీ కూజాలు ఉంటే కొట్టు నిలుస్తుంది. ఈ సంగతి సచికో వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించి మరీ తిరుపతయ్యకు చెప్పింది.

ఆ కూజాను కొన్నది ఉజ్వల అనే అమ్మాయి. చెల్లెలు సాయి ప్రియ, మరిది నిశాంత్ ఐసెలిన్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి రాగి కూజా ఇస్తే రోజూ నీళ్ళు పోసుకు తాగుతారని ఆ అమ్మాయి ఆలోచన. సచికో ఎంతో సంతోషించింది. ఫోటోల సంగతి చెప్పి, ఒప్పించి, పెట్టె కట్టమని తిరుపతయ్యకు అప్పగించి, మిసో బకెట్లు విడిపించుకోవడానికి నెవార్క్ కార్గో ఆఫీస్‌కి వెళ్ళింది.

"అంకుల్, మీరు తెలుగేనా?" అంది ఉజ్వల, ఆయన పెట్టె మీద అట్ట మడుస్తూ తనలో తాను ఏదో గొణుక్కోవడం విని.

"తెలుగేనండి. తణుకు."

"మాది కరీంనగర్. మా దగ్గరయితే పేర్లు కొట్టియ్యకుండ గిన్నె ఇయ్యరు తెలుసా. మా నాయనమ్మ చెంచాల మీద గూడ కొట్టిస్తుండె. ఇక్కడ ఎవరు కొడ్తరు, అట్లనే ఇచ్చేస్తున్న."

ఆ మాటతో తిరుపతయ్య చేతుల్లో అట్ట ఆగిపోయింది. నాలుగేళ్ళయింది ఆయన ఉలి పట్టుకుని. వద్దని చెప్పడానికి సచికో అక్కడ లేదు. ఉన్నా, ఇందులో అడగవలసింది ఏమైనా ఉందని ఆయనకు తోచేది కాదు. అమ్ముడైపోయిన పాత్ర, కొన్నవాళ్ళు పేరు అడుగుతున్నారు. నలభై ఏళ్ళుగా ఆయన చేసిందే ఇది.

"ఒక్క అరగంట కూర్చోండి. పేర్లు రాసి ఇవ్వండి" అన్నాడు.

కూజా చేతిలోకి తీసుకుని తిప్పితే పక్కల మీద ఉలి పెట్టబుద్ధి కాలేదు. సుత్తి దెబ్బలు మూతి నుంచి అడుగు దాకా వరస తప్పకుండా దిగి ఉన్నాయి. అందులో ఒక్క దెబ్బ చెరిపినా పాపమే అనిపించింది. పని తెలిసినవాడు కాబట్టి అలా అనిపించింది. అందుకని బోర్లించి అడుగున కొట్టాలనుకున్నాడు. అడుగు మధ్యలో మూడు చిన్న గీతలు ఉన్నాయి, మేకు రాసుకున్నట్టు. మిగతా పనివాళ్ళ సరుకు మీద చక్కగా చతురస్రంలో జపాన్ అక్షరాల ముద్ర ఉంటుంది. దాన్ని ఆయన ఎన్నడూ ముట్టుకోడు. ఈ కూజాకు చేసినవాడి పేరు చెక్కపెట్టె మూత మీద కుంచెతో రాసే ఉందనుకున్నాడు. ఈ గీతలు దారిలో తగిలిన దెబ్బే అయుండాలి. ఇంత మంచి వస్తువు దెబ్బతో వెళితే బాగుండదని, చిన్న సుత్తితో సున్నితంగా అణిచి, ఆకురాయి పట్టించి, వేలికి తగలకుండా నున్నగా చేశాడు. తరవాత పేర్లు కొట్టాడు. సాయి ప్రియ గారికి, నిశాంత్ గారికి, ఉజ్వల, మోహన్ గార్లు. మోహన్ ఉజ్వల భర్త. కింద తేదీ.

మొదటి దెబ్బకు చేయి కాస్త బిగుసుకుంది. రెండో అక్షరానికి వదిలింది. నాలుగేళ్ళు ఎక్కడికి పోయిందో ఆ ఒడుపు, మొత్తం తిరిగి వచ్చేసింది. ఉజ్వల చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆయన కారులో కూతురితో ఎన్నడూ లేనంత మాట్లాడాడు. అంత ఆనందం ఆయనకు అమెరికా వచ్చాక అదే మొదలు.

నెల తరవాత ఫోటోలు వచ్చాయి. కూజా వంటింటి గట్టు మీద నీళ్ళతో ఉంది, మరొకదాంట్లో సాయి ప్రియ దాంతో గ్లాసులో నీళ్ళు పోస్తోంది. మూడోది అడుగు ఫోటో. పేర్లు అందరికీ తెగ నచ్చాయని ఉజ్వల దాన్ని ప్రత్యేకంగా తీసి పంపింది.

సచికో కేకలు వేయలేదు. వేసి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఫోన్ ఆయన ముందు పెట్టి, ఒక కాగితం తీసుకుని, పెన్సిలుతో మూడు చిన్న గీతలు గీసింది.

"తిరు-సాన్. దిస్. వేర్?"

ఆయన చేతితో చూపించాడు, అణిచి, రాసి, నున్నగా చేశానని.

"దిస్ ఈజ్ హిజ్ నేమ్" అంది సచికో. "నో లెటర్స్. హిజ్ ఫాదర్ ఆల్సో త్రీ లైన్స్. గ్రాండ్‌ఫాదర్ ఆల్సో."

తిరుపతయ్యకు తల కొట్టేసినట్టయింది. దొంగతనం అంటగట్టినా అంత సిగ్గుపడి ఉండడు. లక్ష పేర్లు కొట్టిన చేత్తో ఒక మనిషి పేరు చెరిపాడు, ఆ మనిషి తండ్రి పేరు, తాత పేరు కూడా. అదీ సుత్తి పట్టుకునేవాడి పేరు.

సచికో ఫోన్ తీసుకుని మొదటి రెండు ఫోటోలు చూపించింది. "ఓన్లీ దిస్ టూ సెండ్. హీ విల్ నాట్ నో."

అది జరిగే పనే. అడుగు ఫోటో పంపమని తోకుజీ అడగలేదు. కొట్టు నిలుస్తుంది, తిరుపతయ్య డ్రాయరూ నిలుస్తుంది. ఆవిడ ఆ మాట తన కోసమే కాదు, ఆయన కోసం కూడా అందని ఆయనకు తెలుసు. కానీ తణుకులో పేరు తప్పు పడితే, కొన్నవాడు చూసేలోపే చెప్పేసేవాడు. చెప్పకుండా కాగితం చుట్టి పంపిన రోజు ఒక్కటీ లేదు. ఇప్పుడు కొత్తగా నేర్చుకోవడం ఆయన వల్ల కాలేదు.

"త్రీ సెండ్ మేడమ్. ఐ డిడ్. రైట్ మై నేమ్" అన్నాడు.

మూడూ వెళ్ళాయి. ఆ సాయంత్రం ఆయన ఉలుల మూట ఇంటికి తెచ్చి, సూట్‌కేసులో పెట్టి, జిప్పు వేసి, సూట్‌కేసును మంచం కిందకు తోశాడు. కనకదుర్గ విషయమంతా వింది.

"మీరు కావాలని చేశారా ఏంటండీ?" అంది.

"చేసింది నేనే కదా."

జవాబు రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఉత్తరం ఐదే వాక్యాలు. సచికో ఒక్కొక్కటే తనకు చేతనైన ఇంగ్లీషులో చెబితే, మధ్యాహ్నం లంచ్ టైములో ఫోన్‌లో ఉన్న దేదీప్య తెలుగులో తండ్రికి చెప్పింది. ఆ కూజా ఇప్పుడు నాది కాదు. నా గీతలు లేనిదాన్ని నాదని చెప్పుకోను. చేసినవాడంటూ లేని వస్తువు ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు. దాని మీద ఆఖరి దెబ్బ కొట్టిన మనిషి తన పేరు వేయాలి. ఆ ఫోటో చూశాక మిగతా సంగతి రాస్తాను.

"నా పేరా?" అన్నాడు తిరుపతయ్య.

"అవును నాన్నా. అదే రాశారు."

"మిగతా సంగతి అంటే పంపుతాననా, పంపననా?"

దేదీప్య అదే ఇంగ్లీషులో అడిగితే సచికో తల అడ్డంగా ఊపింది. ఆవిడకూ తెలియదు.

ఆదివారం దేదీప్య తల్లినీ తండ్రినీ ఐసెలిన్ తీసుకెళ్ళింది. వారాంతం కావడంతో ఓక్ ట్రీ రోడ్డు మీద చీరల కొట్ల ముందు పార్కింగు కోసం కార్లు చుట్టూ తిరుగుతున్నాయి. సాయి ప్రియ ఇల్లు రెండు వీధుల వెనక. తిరుపతయ్య చెప్పులు విప్పకుండానే గుమ్మంలో చెప్పేశాడు.

"అమ్మా, మీ కూజా మీద చేసినాయన గుర్తు నేను చెరిపేశాను. తెలియక చేశాను గానీ తప్పే. ఇప్పుడు దాని మీద నా పేరు కొట్టమన్నాడాయన. మీ వస్తువు కదా, మీరు సరేనంటేనే."

"అయ్యో, లోపలికి రండి అంకుల్" అంది సాయి ప్రియ. "కొట్టండి, మాకేం ప్రాబ్లం లేదు. వచ్చినోళ్ళు గ్లాస్ పక్కన వెట్టి ముందుగాల అడుగే తిప్పి చూస్తున్నరు."

హాల్లో కింద తువ్వాలు మడిచి వేసి, కూజా బోర్లించి, తిరుపతయ్య బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. సాయి ప్రియ, నిశాంత్, దేదీప్య చుట్టూ నిలబడ్డారు. కనకదుర్గ సోఫాలో కూర్చుని కిటికీలోంచి బయటకు చూస్తోంది. ఉలి పెట్టి కూడా ఆయన చాలాసేపు కొట్టలేదు. ఇన్నేళ్ళలో తన పేరు ఉలితో ఎలా ఉంటుందో చూసుకోలేదు. మొదటి అక్షరం ఎంత పెద్దది వేయాలో కూడా తెలియలేదు. చివరికి ఎవరో వచ్చి చీటీ మీద రాసి ఇచ్చిన పేరు అనుకున్నాడు. అలా అనుకున్నాక చేయి కదిలింది. తేదీ కింద, చిన్న అక్షరాల్లో, ఒక్కో గీతకు ఒక్కో దెబ్బ, రెండో దెబ్బ లేకుండా సాగిపోయింది. ఊది, పొడి దులిపి, వెనక్కి జరిగి చూశాడు.

తిరుపతయ్య గారు, అని ఉంది.

చూసినవాళ్ళకు ముందు అర్థం కాలేదు. ఆయనకు మాత్రం చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్ళుగా ఏ పేరు దగ్గరా ఆగని చేయి, ఈ పేరు దగ్గర మాత్రం ఎందుకు ఆగుతుంది! తనను తాను గారు అనుకున్న మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటాడా? సుత్తి తీసుకున్నాడు. ఆ రెండక్షరాలు అణిచేసి ఆకురాయి పట్టిస్తే అయిదు నిమిషాల పని. సుత్తి ఎత్తి, అలాగే ఉండిపోయాడు. ఈ అడుగున ఆయన ఒకసారి ఒక పేరు చెరిపాడు. ఇంకోసారి ఆ పని చేయలేకపోయాడు, తన పేరే అయినా సరే.

"కరెక్టే కదా అంకుల్" అన్నాడు నిశాంత్.

"కరెక్టు కాదు నాయనా" అని తిరుపతయ్య సుత్తి మూటలో పెట్టేశాడు. "ఉండనివ్వండి. ఫోటో తియ్యండి."

ఫోటో చూసి సచికో, పేరు తరవాత ఉన్న చివరి ముక్క ఏమిటని అడిగింది. దాచి లాభం లేదు కాబట్టి, "సాన్" అన్నాడు తిరుపతయ్య. ఆవిడ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ దేశంలో కూడా తన పేరుకు తాను సాన్ తగిలించుకోరట. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ కొట్టులో ఆయన ఆవిడ నవ్వు వినడం అదే మొదలు. తరవాత కళ్ళు తుడుచుకుని, అది ఎందుకు అలా పడిందో, ఎందుకు చెరపలేదో ఉన్నదున్నట్టు తోకుజీకి రాసింది.

ఆ తరవాత ఏమీ రాలేదు. అక్టోబరు వెళ్ళింది, నవంబరు వెళ్ళింది. కొట్టు ఖాళీ చేస్తానని సచికో బిల్డింగు ఓనరుకు నోటీసు ఇవ్వడానికి కాగితం రాసి పెట్టుకుంది. తిరుపతయ్య ఉలుల మూట మళ్ళీ మంచం కింద సూట్‌కేసులోకే వెళ్ళింది.

డిసెంబరులో, రోడ్డు పక్కన మంచు కుప్పలు పోసి ఉన్న ఒక మంగళవారం, జపాన్ నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల ఆరు కూజాలు ఉన్నాయి. ఉత్తరం లేదు. సచికో పెట్టె అడుగున కాగితాలన్నీ విదిలించి చూసింది, ఒక్క ముక్క కూడా రాయలేదు.

తిరుపతయ్య అలవాటు కొద్దీ ముందు ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆరూ పలికాయి. తరవాత ఒకటి బోర్లించాడు. అడుగున ఏమీ లేదు. రెండోది తిప్పాడు, మూడోది తిప్పాడు. గీతలు లేవు. పేరు వేయడం కూడా మానేశాడా ఆ పెద్దాయన, నా వల్లేనా అనుకున్నాడు.

"తిరు-సాన్" అని సచికో ఒక కూజా వెలుగులోకి పట్టి వేలితో చూపించింది.

మూతి కింద, సుత్తి దెబ్బల వరసలు మొదలయ్యే చోట, మూడు గీతలు ఉన్నాయి. ఈసారి పైపైన గీసినవి కావు. ఏ ఆకురాయీ చెరపలేనంత లోతుగా దిగాయి. చెరపాలంటే కూజా మూతి కోయాలి. అడుగు మాత్రం అద్దంలా నున్నగా, ఖాళీగా ఉంది. అంత నున్నగా చేయాలంటే దానికి వేరే ఒక రోజు పని అని తిరుపతయ్యకు తెలుసు. ఊరికే ఎవరూ అంత పని చేయరు.

"హీ నో ట్రస్ట్ మీ" అన్నాడు మూతి కింద గీతలు తడుముతూ.

"నో ట్రస్ట్" అని ఒప్పుకుంది సచికో. తరవాత అడుగు మీద అరచేయి పెట్టింది. "బట్ దిస్, ఫర్ యూ."

ఆవిడ టేబులు మీద రాసి పెట్టుకున్న నోటీసు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి, కూజాకూ కూజాకూ మధ్య రాపిడి తగలకుండా పెట్టెలో దూర్చింది. అది చూసి తిరుపతయ్య తల వంచుకుని పెట్టె మూత సరిచేశాడు.

ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సూట్‌కేసు బయటికి లాగాడు. వంటింట్లోంచి కనకదుర్గ తలుపు దాకా వచ్చి నిలబడింది. ఆయన కారు దిగగానే దేదీప్య ఫోన్ చేసి చెప్పేసినట్టుంది, ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది.

"ఏం వెతుకుతున్నారు, తిరుపతయ్య గారూ?" అంది.

పెళ్ళయి నలభై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఆయన పేరు పలకడం అదే మొదటిసారి.